చిన్న కప్పు పాల ఎస్ప్రెసో: ఇంట్లో ఏది చేసుకోవాలి, దేనితో చేసుకోవాలి

జూబ్లీహిల్స్, గచ్చిబౌలి కేఫ్‌ల మెనూ బోర్డుల మీద కార్టాడో, పికోలో, ఫ్లాట్ వైట్ అనే పేర్లు ఇప్పుడు మామూలైపోయాయి. రుచి తగిలాక పొద్దున్నే ఇంట్లోనూ అదే కావాలనిపిస్తుంది. చాలామంది ముందు ఆన్‌లైన్‌లో మెషీన్ ఆర్డర్ పెట్టేస్తారు, అది ఇంటికొచ్చాక దీనితో ఏం చేసుకోవాలా అని చూస్తారు. నేనైతే ఈ వరస తిరగెయ్యమంటాను. ఏ డ్రింక్ కావాలో ముందు తేల్చుకోండి, తర్వాత పాల సంగతి చూడండి, సామాను ఆఖర్న.

కప్పు చిన్నదయ్యేకొద్దీ డబ్బు పెట్టాల్సిన చోటు మారిపోతుంది. 250 మిల్లీలీటర్ల లాటేలో కాఫీ కాస్త మాడినా, పలచబడినా పాలు కప్పిపెట్టేస్తాయి. 50 మిల్లీ పాలలో అలా దాగదు. గింజలు పాతబడినా, పొడి సరిగ్గా పడకపోయినా మొదటి గుక్కకే తెలిసిపోతుంది. పాల పని మాత్రం తేలికవుతుంది, ఎందుకంటే ఈ చిన్న డ్రింకులకి మందపాటి నురగతో పని లేదు. అందుకే ఖరీదైన స్టీమ్ వాండ్ (పాలకి ఆవిరి పట్టే గొట్టం) ఉన్న మెషీన్ కంటే మంచి గ్రైండర్, తాజా గింజలు ముందు కొనుక్కోవాలని నా వాదన.

ఏ డ్రింక్?

అన్నిటికీ మూలం ఎస్ప్రెసోనే, అంటే సన్నటి పొడిలోంచి గట్టి పీడనంతో దించిన చిక్కటి కాఫీ. ఇప్పుడు ఎక్కువమంది పాటించే లెక్క 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, అదీ 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. ఒకసారి దించిన కాఫీని షాట్ అంటారు, ఇది డబుల్ షాట్. ఇటలీవాళ్ళ సంప్రదాయ లెక్క ఇంకా చిన్నది: 7 గ్రాముల పొడి, 25 మిల్లీ కాఫీ, అది సింగిల్ షాట్.

దీని మీద ఒకటి రెండు చెంచాల నురగపాలు వేస్తే మకియాటో. మొత్తం కలిపి 50 మిల్లీ కూడా దాటదు. పాల కాఫీ అనుకుని చేసుకుంటే నిరాశే, ఎస్ప్రెసో చేదుని కాస్త మెత్తబరిచిన డ్రింక్ అనుకోండి. పెద్ద కేఫ్ చెయిన్లలో క్యారమెల్ మకియాటో అని పొడుగు గ్లాసులో ఇచ్చేదానికీ దీనికీ చుట్టరికం పేరు వరకే.

కార్టాడో స్పెయిన్‌ది. కాఫీ ఎంతో పాలు దాదాపు అంతే, నురగ ఉండీ లేనట్టు. 36 మిల్లీ షాటుకి 40 నుంచి 60 మిల్లీ వరకు పాలు పోస్తారు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో వైపు దీన్నే జిబ్రాల్టర్ అంటారు. అది లిబ్బీ కంపెనీ చేసే ఒక గాజు గ్లాసు పేరు. అందులో నాలుగున్నర ఔన్సులు, అంటే 130 మిల్లీ చిల్లర పడుతుంది.

పికోలో ఆస్ట్రేలియా కేఫ్‌ల నుంచి వచ్చింది. 90, 100 మిల్లీ గ్లాసులో ఒక సింగిల్ షాటో, తక్కువ నీళ్ళతోనే ఆపేసిన రిస్ట్రెట్టోనో పోసి, మిగతాదంతా పాలతో నింపి పైన పలచటి నురగ నిలబెడతారు. కార్టాడో కంటే పాలు ఎక్కువ, కాఫీ తక్కువ. ఫ్లాట్ వైట్ 150 నుంచి 180 మిల్లీ ఉంటుంది. ఇది మాదంటే మాదని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇప్పటికీ తగువులాడుకుంటూనే ఉన్నాయి. చిన్నవాటిలో పెద్దదన్నమాట. ఇందులో నురగ సన్నగా, పెయింట్‌లా మెరుస్తూ రావాలి కాబట్టి స్టీమ్ వాండ్ లేనివాళ్ళు దీని జోలికి పోకపోవడమే మంచిది.

చక్కెర లేకుండా కాఫీ గొంతు దిగదనేవాళ్ళకి క్యూబావాళ్ళ కార్టడీటో ఉంది. షాట్‌లో మొదట పడే చిక్కటి చుక్కల్ని చక్కెరలో వేసి గిలక్కొడతారు. మనిళ్ళలో ఇన్‌స్టంట్ కాఫీని, చక్కెరని చెంచాతో తెల్లబడేదాకా గిలక్కొట్టినట్టే. ఆ మీగడలాంటి దాని మీద మిగతా షాట్, దానికి సమానంగా వేడిపాలు పోస్తారు. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళకి ఎస్ప్రెసో అలవాటు చెయ్యాలంటే నేను ముందు ఇదే ఇస్తాను.

నన్ను ఒక్కటే ఎంచమంటే ఇంటికి కార్టాడో. నురగ చెడినా రుచి చెడదు, కొలత తేలిక, ఏ పరికరంతోనైనా దాని దగ్గరికి చేరుకోవచ్చు. ఫిల్టర్ కాఫీతో పెరిగినవాళ్ళకి మాత్రం మొదట్లో పికోలో నచ్చుతుంది, పాల పాళ్ళు మనకలవాటైనవాటికి దగ్గరగా ఉంటాయి కాబట్టి.

ఒక మాట. కప్పు చిన్నదని కెఫీన్ తక్కువనుకోకండి. 18 గ్రాముల షాట్ పెద్ద లాటేలో పోసినా చిన్న కార్టాడోలో పోసినా అదే షాట్. చిన్నదే కదా అని సాయంత్రం ఆరు దాటాక రెండోది తాగితే రాత్రి ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టుకోవాల్సిందే.

గ్లాసుల కోసం ఆన్‌లైన్‌లో సెట్టుకి వేలు పెట్టక్కర్లేదు. బేగంబజార్ గాజు సామాన్ల కొట్లలో చాయ్ గ్లాసులు రకరకాల సైజుల్లో దొరుకుతాయి. ఇంటికి తెచ్చాక నీళ్ళు పోసి త్రాసు మీద తూచండి, ఒక గ్రాము ఒక మిల్లీ. 100 మిల్లీది పికోలోకి, 130 దగ్గరిది కార్టాడోకి. గ్లాసు పెద్దదైతే చెయ్యి ఊరుకోదు, నిండేదాకా పాలు పోసేస్తుంది.

దేనితో?

ముందుగా ఇంట్లో ఉన్నదాని సంగతి. స్టీలు ఫిల్టర్‌లో 20 గ్రాముల పొడి వేసి, 100 మిల్లీ వేడినీళ్ళు పోస్తే కిందికి 60 మిల్లీ చిక్కటి డికాక్షన్ దిగుతుంది. ఎస్ప్రెసో అంత గట్టిగా ఉండదు, నూనె మెరుపూ, క్రెమా అనే కాఫీ నురగా ఉండవు. అయినా చికోరీ లేని పొడితో దించిన మొదటి డికాక్షన్‌కి సగానికి సగం పాలు కలిపితే కార్టాడో ధోరణి ఎలా ఉంటుందో తెలుస్తుంది. పైసా ఖర్చు లేకుండా, ఇలాంటి డ్రింక్ మనకి నచ్చుతుందా లేదా అని తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

తర్వాత మోకా పాట్, అంటే స్టవ్ మీద పెడితే ఆవిరి ఒత్తిడితో కాఫీని పైగదిలోకి తోసే పాత్ర. 1933లో ఇటలీలో బియాలెటి పేరు మీద వచ్చిన ఎనిమిది పలకల అల్యూమినియం పాత్ర ఇప్పటికీ దాదాపు అదే రూపంలో అమ్ముడవుతోంది. మూడు కప్పుల సైజు కొనండి. అందులో 15 నుంచి 17 గ్రాముల పొడి పడుతుంది, 100 మిల్లీకి కాస్త అటూ ఇటూగా కాఫీ వస్తుంది. లెక్క చూడండి. ఎస్ప్రెసోకి వేసినంత పొడే, నీళ్ళు మాత్రం మూడింతలు. పీడనం కూడా ఒకటి రెండు బార్లే, ఎస్ప్రెసోకి కావాల్సింది తొమ్మిది. కాబట్టి మోకా కాఫీకి సమానంగా పాలు పోస్తే పలచబడిపోతుంది. 60 మిల్లీ మోకా కాఫీకి 25, 30 మిల్లీ పాలు చాలు. కొత్తవాళ్ళు మోకా మీద పెట్టుకునే ఫిర్యాదుల్లో సగం ఈ ఒక్క లెక్కతో తీరిపోతాయి.

మిగతా సగం మంటతో తీరతాయి. కింది గదిలో వేడినీళ్ళే పోయండి, వాల్వ్ మునగకూడదు. పొడిని నొక్కొద్దు, చదును చేసి వదిలెయ్యండి. సిమ్‌లో పెడితే ముందు ముదురు గోధుమరంగులో తేనెలా మెల్లగా పైకొస్తుంది, తర్వాత రంగు పలచబడి బుడబుడమంటుంది. ఆ బుడబుడ మొదలవుతుండగానే దించేసి అడుగుభాగాన్ని కుళాయి కింద పెట్టండి. చివరి ఆ కాస్త కాఫీలోనే మాడు చేదంతా ఉంటుంది. మన గ్యాస్ స్టవ్ కాళ్ళ మధ్య ఈ చిన్న పాత్ర నిలవదు, పైన పెట్టుకునే చిన్న ఇనుప స్టాండు ఒకటి కావాలి. మంట అడుగు దాటి పైకి లేస్తే పిడి కరిగిపోతుంది. అల్యూమినియంది ఇండక్షన్ మీద వేడెక్కదు, ఇండక్షన్ ఉన్నవాళ్ళు స్టీలుది చూసుకోవాలి.

ఏరోప్రెస్, అంటే చేత్తో పిస్టన్ నొక్కి కాఫీ దించే గొట్టం, మధ్యరకం. 18 గ్రాముల సన్నటి పొడి, 70 మిల్లీ నీళ్ళు, ఒక నిమిషం ఆగి గట్టిగా నొక్కితే 40 మిల్లీ దాకా చిక్కటి కాఫీ వస్తుంది. ఎస్ప్రెసో కాదు, కానీ కార్టాడోకి పనికొస్తుంది. కడగడం చిటికెలో పని. హాస్టల్, పీజీ గదుల్లో ఉండేవాళ్ళకి మొదటి ఎంపిక ఇదే.

నాలుగైదు వేలకి దొరికే ఆవిరి మెషీన్లని దాటవేయండి. బాక్సు మీద 4 బార్లని ఉంటుంది, పక్కన స్టీమ్ గొట్టం కూడా ఉంటుంది, చూడ్డానికి ఎస్ప్రెసో మెషీన్‌లాగే ఉంటుంది. లోపల పంపు ఉండదు. మరిగిన నీటి ఆవిరే కాఫీని తోస్తుంది, ఆ ఆవిరే పాలకీ సరిపోవాలి. నీళ్ళు మరీ వేడిగా పొడికి తగులుతాయి కాబట్టి చేదెక్కుతుంది. ఉన్నమాట చెప్పాలంటే అది కరెంటుతో నడిచే మోకా పాట్. అసలు మోకా పాట్ అందులో సగం ధరకి వస్తుంది.

పంపు మెషీన్‌కి వస్తే ఆట మారుతుంది. బాక్సుల మీద 15 బార్, 20 బార్ అని పెద్దక్షరాలతో ఉండేది పంపు ఇవ్వగల గరిష్ఠ పీడనం, కాఫీకి కావాల్సింది 9. కాబట్టి ఆ అంకె చూసి కొనొద్దు. చూడాల్సింది బాస్కెట్, అంటే పొడి వేసే చిల్లుల గిన్నె. రెండు పొరల అడుగుతో, ఒక్క సన్నటి రంధ్రం గుండా కాఫీ వచ్చేది ప్రెషరైజ్డ్ బాస్కెట్. కొట్లో ఆడించిన పొడితోనూ నురగ చూపిస్తుంది, కాకపోతే ఆ నురగలో రుచి తక్కువ. ఒకే పొర, అడుగంతా సన్నటి రంధ్రాలతో ఉండేదాంట్లో అసలైన షాట్ వస్తుంది, దానికి గ్రైండర్ తప్పనిసరి. డెలోంగి డెడికా లాంటి సన్నటి మెషీన్లు 15 సెంటీమీటర్ల వెడల్పే ఉంటాయి, మన అపార్ట్‌మెంట్ వంటగట్టు మీద మిక్సీ పక్కన ఇమిడిపోతాయి. వాటి 51 మిల్లీమీటర్ల బాస్కెట్‌లో 18 గ్రాములు కుక్కకండి. 14 గ్రాములు వేసి 28 గ్రాములు దించి, 35 మిల్లీ పాలు పోస్తే చిన్న కార్టాడో చక్కగా కుదురుతుంది. గాజియా క్లాసిక్ లాంటివాటికి కేఫ్‌లలో వాడే 58 మిల్లీమీటర్ల బాస్కెట్ ఉంటుంది. ధర బాగా ఎక్కువ, విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి, ఏళ్ళ తరబడి నడుస్తుంది.

ఇంటి మెషీన్లలో ఎక్కువవాటికి ఒకటే హీటర్. షాట్ తీశాక పాలకి ఆవిరి రావాలంటే ఆగాలి, పాలయ్యాక మళ్ళీ షాట్ తియ్యాలంటే వేడి దిగేదాకా కాసిని నీళ్ళు వదలాలి. ఇద్దరికి ఇబ్బంది లేదు. ఆదివారం పూట ఆరుగురు చుట్టాలు కూర్చుంటే మీరు వంటింట్లోనే ఉండిపోతారు. ఆ రోజు ఫిల్టర్ కాఫీ పెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకొకటి, ఇవి వెయ్యి వాట్లు దాటి లాగుతాయి కాబట్టి కరెంటు పోతే మామూలు ఇన్వర్టర్ మీద నడవవు.

చేత్తో నొక్కే లీవర్ పరికరాలు, ఫ్లెయిర్ లాంటివి, కరెంటు లేకుండానే నిజమైన ఎస్ప్రెసో ఇస్తాయి. ఓపిక ఉన్న ఒంటరి కాఫీప్రియులకి భేషుగ్గా ఉంటుంది. క్యాప్సూల్ మెషీన్ బటన్ నొక్కితే 40 మిల్లీ ఇస్తుంది, గొడవ లేదు. కానీ క్యాప్సూల్‌లో ఉండేది ఐదారు గ్రాముల పొడే కాబట్టి పికోలోకి సరిపోతుంది, కార్టాడోకి చాలదు. పైగా కప్పు కప్పుకీ ఒక క్యాప్సూల్ చెత్తబుట్టలోకి.

గ్రైండర్

ఇక్కడ పిసినారితనం వద్దు. మిక్సీలో కొట్టిన పొడిలో బరకా, పిండీ కలిసుంటాయి. పిండి చేదు ఇస్తుంది, బరక పుల్లగా వదిలేస్తుంది, రెండూ ఒకే గుక్కలో తగులుతాయి. చేత్తో తిప్పే బర్ గ్రైండర్ (రెండు పళ్ళచక్రాల మధ్య గింజల్ని నలిపేది) మంచిది ఐదారు వేల నుంచి మొదలవుతుంది. మోకాకి, ఏరోప్రెస్‌కి మామూలుది చాలు. ఎస్ప్రెసోకైతే పొడి సన్నం, బరక సర్దే మెట్టు మెట్టుకీ తేడా చాలా సన్నగా ఉండేది కావాలి. ఉదాహరణకి టైమ్‌మోర్ సీ2 మోకాకి బాగుంటుంది, ఎస్ప్రెసోకి మాత్రం దాని మెట్లు పెద్దవి. అదే కంపెనీ సీ3 ఈఎస్‌పీ ఆ పని కోసమే చేసింది. షాట్ పది పదిహేను సెకన్లలోనే జారిపోయి పుల్లగా ఉంటే సన్నం చెయ్యండి, చుక్క చుక్క పడి చేదెక్కితే కాస్త బరక చెయ్యండి. ఒకసారి ఒక్కటే మార్చండి.

పదివేల లోపు మెషీన్‌కి పదివేల గ్రైండర్ జత చేస్తే వచ్చే కార్టాడో, ముప్పైవేల మెషీన్‌లో నెల కిందట ఆడించిన పొడి వేస్తే వచ్చేదానికంటే మెరుగ్గా ఉంటుంది. ఇది ఏ షోరూములోనూ చెప్పరు.

పాలు

హైదరాబాద్‌లో విజయ, హెరిటేజ్, దొడ్ల, జెర్సీ, అమూల్, నందిని, ఏ ప్యాకెట్ తీసుకున్నా దాని మీద రాసిన రకమే ముఖ్యం. ప్రమాణాల ప్రకారం డబుల్ టోన్డ్‌లో కొవ్వు 1.5 శాతం, టోన్డ్‌లో 3, స్టాండర్డైజ్డ్‌లో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6. నురగ నిలబెట్టేవి పాలలోని ప్రొటీన్లు, నాలుక మీద నునుపు ఇచ్చేది కొవ్వు. ఫుల్ క్రీమ్ పాలు పెద్ద లాటేలో బాగుంటాయి గానీ చిన్న కప్పులో నాలుకకి పూత పూసేసి కాఫీలోని పండ్ల రుచుల్ని మింగేస్తాయి. టోన్డ్ పాలతో కాఫీ స్పష్టంగా తెలుస్తుంది, నురగ తేలిగ్గా వస్తుంది, చిక్కదనం మాత్రం కాస్త తక్కువ. నా ఓటు మధ్యలో ఉన్న స్టాండర్డైజ్డ్‌కి. మీ కొట్లో దొరక్కపోతే ఫుల్ క్రీమ్ సగం, టోన్డ్ సగం కలపండి, లెక్క సరిగ్గా నాలుగున్నరకే వస్తుంది. రోబస్టా (చేదెక్కువుండే గింజరకం) ఎక్కువున్న, ముదురుగా వేయించిన గింజలైతే ఫుల్ క్రీమ్‌ని కూడా తట్టుకుంటాయి.

ఇక మనిళ్ళలో అసలు తగువు. నేను ప్యాకెట్ కోసి పాలు నేరుగా జగ్గులో పోస్తుంటే మా అత్తగారు చూసి ఆగిపోయారు.

"ఏమ్మా, కాచకుండానే పోసేశావా?"

"పాశ్చరైజ్ చేసినవే అత్తయ్యా. ఇప్పుడు ఆవిరితో వేడవుతాయిగా."

"వేడవ్వడం వేరు, కాగడం వేరు."

ఆవిడ అన్నదాంట్లో రుచికి సంబంధించినంత వరకు నిజముంది. కాగిన పాలకి ఒక వాసన వస్తుంది, ఫిల్టర్ కాఫీకి అదే అందం. కార్టాడోకి కావాల్సింది కాగని పాల తీపి. అది 55 నుంచి 65 డిగ్రీల మధ్య బాగా తెలుస్తుంది, 70 దాటితే ఉడుకు వాసన మొదలవుతుంది. ఫ్రిజ్‌లో చల్లగా ఉన్న, సీలు తియ్యని పాశ్చరైజ్డ్ ప్యాకెట్ పాలని ఇలా వాడుకోవచ్చు. పాలవాడు పోసే విడి గేదెపాలు మాత్రం కచ్చితంగా కాచాల్సిందే. కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, మీగడ తీసేసి, వడకట్టి వాడండి. నురగ వస్తుంది, తీపి కాస్త తగ్గుతుంది. ఒకసారి వేడి చేసి మిగిలిన పాలని మళ్ళీ నురగ తెప్పించాలని చూడొద్దు, పెద్ద పెద్ద బుడగలే వస్తాయి.

పొగలు కక్కే కాఫీ అలవాటైన నాలుకకి 60 డిగ్రీలు చల్లారిపోయినట్టుంటుంది. గ్లాసుని ముందు వేడినీళ్ళతో కడిగి పెట్టుకుంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది. షాట్ తీశాక పాల కోసం గ్లాసుని ఎక్కువసేపు నిలబెట్టకండి, 30 మిల్లీ కాఫీ చల్లారడానికి ఎంతోసేపు పట్టదు.

చిన్న డ్రింకుల్లో ఒక్క చిక్కు ఉంది, కొద్దిపాటి పాలకి ఆవిరి పట్టడం. 60 మిల్లీ పాలని మామూలు 350 మిల్లీ జగ్గులో పోస్తే అడుగున అర అంగుళం ఉంటాయి. వాండ్ కొస మునగదు. మునిగిందనుకునేలోపే కీచుమని అరిచి పాలన్నీ సబ్బు నురగైపోతాయి. రెండు దారులున్నాయి. 150 నుంచి 200 మిల్లీల బుల్లి స్టీలు జగ్గు కొనుక్కోవడం ఒకటి. ఒకేసారి 120, 130 మిల్లీ పట్టి ఇద్దరికి పొయ్యడం రెండోది, ఇదే మేలు. వాండ్‌లోని నీళ్ళు ముందు గుడ్డలోకి వదిలెయ్యండి. కొసని పాల పైపొరకి కొంచెం కిందుగా, జగ్గు అంచుకి దగ్గరగా ఉంచి ఆవిరి తిప్పండి. కాగితం చింపినట్టు చిస్, చిస్ అని చప్పుడు వస్తుంది. కార్టాడోకి ఆ చప్పుడు ఒక్క సెకను, పికోలోకి రెండు మూడు సెకన్లు, అంతే. వెంటనే కొసని లోపలికి దించి జగ్గుని కాస్త వంచితే పాలు సుడి తిరుగుతాయి, పైనున్న బుడగలు లోపలికి లాక్కుపోతాయి. జగ్గు అడుగున పెట్టిన అరచెయ్యి ఇక పట్టలేననగానే ఆపెయ్యండి, అది 60 దగ్గర ఉంటుంది. జగ్గుని గట్టు మీద ఒకసారి కొట్టి, గుండ్రంగా తిప్పి, పాల పైభాగం తడి పెయింట్‌లా మెరుస్తుండగానే పోసెయ్యండి. వాండ్‌ని అప్పటికప్పుడు తడిగుడ్డతో తుడవాలి, ఆరితే గోకినా పోదు.

వాండ్ లేకపోతే చిన్న ఫ్రెంచ్ ప్రెస్ (జల్లెడ ఉన్న పిడితో నొక్కే జగ్గు) చాలు. 60 డిగ్రీలకి వేడి చేసిన పాలు 100 మిల్లీ అందులో పోసి, జల్లెడని పైపైన పొట్టిగా పది పన్నెండుసార్లు ఆడించి, అర నిమిషం ఆగి పోస్తే నురగ చాలా సన్నగా వస్తుంది. బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్రాథర్‌ది దీనికంటే గరుకు నురగ, అయినా కార్టాడోకి ఇబ్బంది లేదు. రెండు గ్లాసుల మధ్య పైనుంచి తిరగబోస్తే వచ్చే నురగ ఫిల్టర్ కాఫీకి సరే, ఇక్కడ మాత్రం ఆ 50 మిల్లీ పాలు చల్లారిపోతాయి.

పాలు పడనివాళ్ళకి ఓట్ పాలలో బారిస్టా రకం (కాఫీ కోసమే చేసినది) తప్ప మిగతావి చాలావరకు వేడికాఫీలో విరిగినట్టవుతాయి.

గింజలు, నీళ్ళు

ఫిల్టర్ పొడి కొట్లో తీసుకునేటప్పుడు చికోరీ ఎంత కలిపారో అడగండి. చికోరీ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఎస్ప్రెసో బాస్కెట్‌ని మూసేస్తుంది. మెషీన్ మూలుగుతుంది గానీ కాఫీ దిగదు. గింజలే కొనండి, ప్యాకెట్ మీద వేయించిన తేదీ ఉన్నవి కొనండి. వేయించిన వారం తర్వాత నుంచి నెల రోజుల లోపు వాడితే మంచిది.

చిన్న పాల డ్రింకులకి మీడియంగా, లేదా కాస్త ముదురుగా వేయించిన గింజలు బాగా కుదురుతాయి. లైట్ రోస్ట్ పులుపు పాలతో కలిసి విరిగిన రుచి వస్తుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా మీడియం రోస్ట్‌లో టోన్డ్ పాలతో తియ్యగా ఉంటుంది. ఇరవై ముప్పై శాతం మంచి రోబస్టా కలిసిన బ్లెండ్ అయితే క్రెమా మందంగా వస్తుంది, చాక్లెట్ చేదు పాలని దాటుకుని నాలుకకి తెలుస్తుంది. మన దేశంలో పండేదాంట్లో పెద్ద వాటా రోబస్టాదే, దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. కెఫీన్ మాత్రం దాదాపు రెట్టింపు. మే నెల ఎండల్లో డబ్బాని స్టవ్ పక్కన పెట్టొద్దు. ఎక్కువ కొంటే చిన్న చిన్న ప్యాకెట్లుగా కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, కాకపోతే చల్లదనం వదిలాకే తెరవాలి.

నీళ్ళ సంగతి మన ఊళ్ళో వీధి వీధికీ మారుతుంది. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్ళొచ్చే ఇళ్ళకి ఒకరకం, బోరు, ట్యాంకర్ల మీద నడిచే అపార్ట్‌మెంట్లకి ఇంకోరకం. బోరునీళ్ళు మెషీన్‌లో పోస్తే కొన్ని నెలల్లోనే లోపల సున్నం కడుతుంది, గీజర్ రాడ్ చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అలాగని టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) ఇరవై ముప్పైకి పడిపోయిన ఆర్వో నీళ్ళలో కాఫీ చప్పగా వస్తుంది. 75 నుంచి 150 మధ్య ఉంటే బాగుంటుంది. ప్యూరిఫయర్‌కి టీడీఎస్ సర్దే మర ఉంటే టెక్నీషియన్ వచ్చినప్పుడు పెంచమనండి. సున్నం తియ్యడానికి లీటరు నీళ్ళకి 20 గ్రాముల నిమ్మఉప్పు సరిపోతుంది, మీ మెషీన్ మాన్యువల్ వద్దనకపోతే.

ఎవరికి ఏది

పీజీలో ఉండి పొద్దున్నే ఆఫీసు క్యాబ్ అందుకోవాల్సినవాళ్ళకి ఏరోప్రెస్, చేతి గ్రైండర్, బ్యాటరీ ఫ్రాథర్. మొత్తం ఒక బ్యాగులో పడుతుంది, గది మారినా వెంట వస్తుంది.

గ్యాస్ స్టవ్ ఉన్న ఇంట్లో ఒకరిద్దరు తాగేవాళ్ళుంటే మూడు కప్పుల మోకా, ఫ్రెంచ్ ప్రెస్, మంచి గ్రైండర్. పదివేల చుట్టుపక్కల తేలిపోతుంది. చేసేది కార్టాడో, పాలు తక్కువ పాళ్ళలో.

రోజూ ఇద్దరు, అదీ పికోలో, ఫ్లాట్ వైట్ కావాలనేవాళ్ళకి పంపు మెషీన్ తప్పదు. బడ్జెట్ ముప్పైవేలనుకుంటే అందులో పదివేలు గ్రైండర్‌కి ముందే పక్కన పెట్టి, మిగిలినదాంట్లో మెషీన్ వెతకండి. సింగిల్ వాల్ (ఒకే పొర) బాస్కెట్ విడిగా దొరుకుతుందా, సర్వీస్ సెంటర్ ఊళ్ళోనే ఉందా అన్నవి కొనేముందే అడిగి తెలుసుకోండి. వారంటీ కార్డు మీద ఫోన్ నంబర్ ఉన్నంత మాత్రాన మనిషి ఇంటికొస్తాడని అనుకోవద్దు.

ఇవన్నీ పక్కన పెట్టి, నెలకి రెండుమూడుసార్లు మాత్రమే తాగాలనిపించేవాళ్ళు అసలేమీ కొనొద్దు. కేఫ్‌కి వెళ్ళి కార్టాడో అడగండి. 250 గ్రాముల గింజల ప్యాకెట్‌లో 18 గ్రాముల షాట్లు పదమూడు వస్తాయి, మీరు వాటిని ముగించేలోపే అవి పాతబడిపోతాయి.